మనోహర్‌పూర్ కథను మనము చెప్పు తీరు



సంక్రాంతి దాటి, నూర్పిళ్లు సద్దుమణిగి, పల్లెలో జనులకు కొంత తీరిక దొరకు దినములలో, అనగా జనవరి నెల చివరి వారములలో, మన సంఘములలో అనేకచోట్ల ఒక కథ చెప్పబడుచున్నది. ఒడిషా అడవి గ్రామమైన మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ దొరగారిని, ఆయన ఇద్దరు చిన్న కుమారులను బండిలోనే సజీవముగా కాల్చివేసిన కథ అది. ఉపదేశులు ప్రసంగములో చెప్పుదురు. ఆదివార పాఠశాల పిల్లలు నాటికగా ఆడుదురు. కొన్నిచోట్ల మందిరపు గోడకు తెల్లదుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి, దానిని గూర్చిన చలనచిత్రమే చూపుదురు. తీవ్రవాదమునకు క్రైస్తవుడు ఎట్లు జవాబు చెప్పవలెనను ప్రశ్న వచ్చినప్పుడెల్ల మనకు మొదట జ్ఞాపకము వచ్చునది ఈ కథయే.

కథ చెప్పవలసినదే. మరువరానిదే. అయితే ఏ కథయైనను చెప్పువాని నోటిలో కొంత మారును; ఇరువది అయిదేండ్లు దాటి చెప్పబడుచున్న కథ మరికొంత మారును. ఆ మారిన తీరును మీతో కలిసి పరీక్షించవలెనని దీనిని వ్రాయుచున్నాను. తప్పులు వెదకు సరదా నాకు లేదు. కూటము ముగిసి ఇంటికి పోయిన యౌవనుడు మరునాటి ఉదయము కుళాయి దగ్గరనో, టీ కొట్టు దగ్గరనో, పొలము గట్టుననో తన పొరుగువానిని కలిసికొనును. ఆ పొరుగువాడు హిందువో, మహమ్మదీయుడో అయి యుండును. రాత్రి విన్న కథ ఆ యౌవనుని చూపులో ఏమి పెట్టి పంపినది? నా విచారమంతయు ఆ సంగతిని గూర్చియే.

మొదట జరిగినది జరిగినట్లు చూతము. గ్రాహం స్టెయిన్స్ 1941లో ఆస్ట్రేలియా దేశపు క్వీన్స్‌లాండ్‌లో పుట్టెను. 1965లో మన దేశమునకు వచ్చి, మయూర్‌భంజ్ జిల్లాలోని బరిపద పట్టణములో కుష్ఠురోగుల గృహపు పనిలో తన జీవితమును గడిపెను. ఒరియా భాష నేర్చుకొనెను, ఆదివాసుల భాషలు నేర్చుకొనెను, హో భాషలో క్రొత్త నిబంధన తర్జుమాకు తోడ్పడెను. 1983లో గ్లాడిస్ అను నర్సును వివాహమాడెను. వారికి ఎస్తేరు, ఫిలిప్, తిమోతి అని ముగ్గురు పిల్లలు. పిల్లలు ఊటీలో చదువుచుండిరి. 1999 జనవరిలో సెలవులకు వచ్చిన కుమారులిద్దరిని వెంటబెట్టుకొని ఆయన కియోంఝర్ జిల్లాలోని మనోహర్‌పూర్‌లో ఏటేట జరుగు క్రైస్తవ కూటమునకు వెళ్లెను. చలి రాత్రి. మందిరము ఎదుట నిలిపిన బండిలోనే ముగ్గురు పండుకొనిరి. జనవరి 22 రాత్రి, తెల్లవారితే 23 అనగా, దారాసింగు అనువాని వెంట ఒక గుంపు వచ్చి బండిని కొట్టి, గడ్డి వేసి, నిప్పంటించెను. లోపలివారిని బయటికి రానీయలేదు. కాపాడవచ్చిన గ్రామస్థులను అడ్డగించి బెదరగొట్టెను. ఫిలిప్ వయస్సు 10 ఏండ్లు. తిమోతి వయస్సు 6.

దీనికి నేను ఒక్క మాట అలంకారముగా కలుపలేదు. కలుపనవసరము లేదు. కొందరు ప్రసంగీకులు ఈ ఘట్టమునకు రాగానే గొంతు మార్చి, మంటలలో పిల్లలు పలికిన మాటలంటూ తామే కొన్ని కల్పించి చెప్పుదురు. ఆ మాటలను విన్నవారెవరు? సాక్షి లేని మాటను మృతుల నోట పెట్టుట, అందులోను పసిపిల్లల నోట పెట్టుట, సత్యమును ప్రకటింపవలసిన పీఠమునకు తగదు. జనులు కన్నీరు కార్చుదురు, నిజమే. ఆ కన్నీరు ఎండిన తరువాత మిగులునది తరచుగా కోపమే.

ఇక చలనచిత్రము మాట. 2019లో అనీష్ డేనియల్ దర్శకత్వములో ఆంగ్లములో ‘ది లీస్ట్ ఆఫ్ దీజ్’ అను పేరుతో ఇది వెలువడినది. మత్తయి 25వ అధ్యాయములో మన ప్రభువు మిక్కిలి అల్పులను గూర్చి చెప్పిన మాట నుండి ఆ పేరు తీసికొనిరి. స్టీఫెన్ బాల్డ్విన్ దొరగారి పాత్రను, షారీ రిగ్బీ గ్లాడిస్ అమ్మగారి పాత్రను ధరించిరి. అయితే కథ నడచుట వీరి కన్నుల గుండ కాదు. శర్మన్ జోషి ధరించిన ఒక విలేకరి పాత్ర ఉన్నది. అతడు కల్పితుడు. ఈ విదేశీయుడు కుష్ఠురోగులను ఆశపెట్టి మతము మార్చుచున్నాడా అని కనిపెట్టుటకు అతడు బయలుదేరును.

ఇందులో మెచ్చుకొనదగినది ఉన్నది. మనలను అనుమానించువాని కన్నుతో మనలను మనము చూచుకొనుట ఆరోగ్యకరము. ఆ విలేకరిని రాక్షసునిగా చూపలేదు. ఇల్లు గడుపుకొనవలసిన సామాన్య సంసారిగా చూపిరి. మన నాటికలలో అట్టి పాత్రకు నల్లరంగు పూసి, మీసములు పెట్టి, వికటముగా నవ్వింతుము. ఆ పోలికలో చిత్రమే మేలు.

కాని చిత్రపు కీలును చూడుడి. ఇతడు మతము మార్చెనా, లేదా? కథ యావత్తు ఆ ప్రశ్న మీద తిరుగుచున్నది. చూచువాడు ఆ ప్రశ్నకు జవాబు కొరకే ఎదురుచూచును. లేదు, ఆయన నిర్దోషి, ప్రేమతోనే సేవచేసెను అని తేలినప్పుడు మన గుండె నిమ్మళించును. ఇక్కడ ఒక్క క్షణము ఆగుడి. జవాబు మరియొక విధముగా వచ్చినయెడల ఏమగును? ఆయన వాక్యము ప్రకటించినందున పదిమంది బాప్తిస్మము పొందిరని తేలినయెడల ఆ మంటకు ఒక కారణము దొరకినట్లా? ప్రశ్నను అట్లు వేయనిచ్చినప్పుడే మనము సగము ఓడిపోయితిమి. భారత రాజ్యాంగము 25వ అధికరణములో ప్రతివానికి తన మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కు కలదు. ఆశపెట్టుట, బలవంతము చేయుట తప్పు. దానికి చట్టమున్నది, కచేరి యున్నది. గడ్డిమోపు, అగ్గిపెట్టె ఏ తప్పునకును శిక్ష కావు.

ఇది ఒట్టి సినిమా తర్కము కాదు సుమా. 2011 జనవరి 21న సుప్రీంకోర్టు దారాసింగునకు యావజ్జీవ శిక్షను ఖాయపరచుచు ఇచ్చిన తీర్పులో, దొరగారి మతకార్యములను గూర్చి ఆయనకు పాఠము చెప్పు ఉద్దేశముతో నేరము జరిగెనను భావము గల మాటలు దొర్లినవి. పలువురు అభ్యంతరము చెప్పిరి. జనవరి 25న న్యాయస్థానము తానే ఆ మాటలను తొలగించెను. అంత గొప్ప న్యాయపీఠము కూడ నాలుగు దినములలో వెనుకకు తీసికొన్న ఆలోచనను మనము ఎనిమిదేండ్ల తరువాత మన సినిమాకు ఇరుసుగా పెట్టుకొంటిమి. దీనివలన మరియొక నష్టము జరిగినది. కుష్ఠురోగుల గృహము కేవలము మన పక్షమున సాక్ష్యముగా మారిపోయినది. రోగులు తెరమీద కనబడుదురు, కాని వారు దొరగారి మంచితనమును రుజువు చేయుటకే కనబడుదురు. మిక్కిలి అల్పులు అని పేరు పెట్టిన చిత్రములో అల్పులు సాక్షులేగాని కథకు ముఖ్యులు కారు.

కుష్ఠురోగుల గృహము ఎట్టిదో మన పెద్దలలో ఎరిగినవారున్నారు. ఆ వ్యాధి నరములను తినివేయగా కాలికి చేతికి స్పర్శ పోవును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు, పొయ్యి కాల్చినను తెలియదు. గనుక దినదినము కాళ్లను నీటిలో నానబెట్టి, గట్టిపడిన చర్మమును గీకి, నూనె రాచి, పుండు పడినదేమో చూచుకొనవలెను. మెత్తని అడుగు గల చెప్పులు తొడుగుకొనవలెను. ఈనాడు మంచి మందులున్నవి, వ్యాధి నయమగును. కాని పోయిన స్పర్శ అందరికిని తిరిగి రాదు గనుక ఈ పని ఆగదు. నిన్న చేసితిమి గదా అని నేడు మానుటకు వీలులేని పని ఇది.

ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నాననగా, మన ప్రసంగములలో గ్లాడిస్ అమ్మగారి క్షమాపణ ఒక్క వాక్యములో ముగిసిపోవును. మంట, సమాధి, క్షమించితినను మాట, హల్లెలూయ. పది నిమిషములలో అయిపోవును. భర్తను, కుమారులిద్దరిని సమాధి చేసి, పదమూడేండ్ల కుమార్తెతో మిగిలిన స్త్రీ, చంపినవారిమీద నాకు ద్వేషము లేదని చెప్పెను. అది గొప్ప మాటయే. లోకమంతయు విన్నది. కాని ఆ తరువాత ఏమి జరిగెనో మన సంఘములో అడిగి చూడుడి. పదిమందిలో ఎందరు చెప్పగలరో.

జరిగినది ఇది. ఆమె దేశము విడిచి వెళ్లలేదు. బరిపదలోనే నిలిచెను. భర్త నడిపిన గృహపు భారమును తన భుజములపై వేసికొని 2004 వరకు అక్కడనే పనిచేసెను. ఆయన పేర బరిపదలో ఆసుపత్రి వెలిసెను. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. బిరుదము సంగతి అటుంచుడి. ఆ అయిదేండ్లు చూడుడి. మార్కెట్టుకు పోవలెను. అధికారులను కలియవలెను. దారిలో ఎదురుపడువారిలో ఎవరి మనస్సులో ఏమున్నదో తెలియదు. ఉదయము లేచి మరల నీళ్లు, నూనె, గుడ్డలు, మందుల లెక్క. క్షమించితినని చెప్పుట ఒక దినపు పని. క్షమించినదానివలె అదే ఊరిలో బ్రదుకుట వెయ్యిన్ని ఎనిమిది వందల దినముల పని. మన ప్రసంగీకులు మొదటిదానికి పావుగంట ఇచ్చి రెండవదానికి అరనిమిషమైనను ఇయ్యకున్నారు. అందుచేతనే మన జనులు క్షమాపణ అనగా ఆవేశములో ఒక్కసారి పలికి ముగించు మాట అనుకొందురు. తమకు అట్టి ఆవేశము రానప్పుడు, మేము క్షమింపలేము, అది దొరసానమ్మ వంటి పరిశుద్ధులకే అని చేతులు దులుపుకొందురు.

మరియొక సంగతి. క్షమించిన క్రైస్తవుడు పోలీసు ఠాణా మెట్లు ఎక్కరాదు, కేసు పెట్టరాదు, ఎక్కినయెడల వాని క్షమాపణ బూటకము అని మనలో పలువురు తలంచుచున్నారు. ఇది పల్లెలలో మనకు చాల కీడు చేసిన తలంపు. గ్లాడిస్ అమ్మగారు ఈ విషయమై తేటగా మాటలాడిరి. తాను క్షమించుట వేరు, నేరమునకు చట్టము చేయవలసినది వేరు, ఈ రెంటిని కలుపవద్దని ఆమె భావము. చట్టము తన దారిని తాను నడచినది. 2003లో విచారణ న్యాయస్థానము దారాసింగునకు మరణశిక్ష, మరి 12 మందికి యావజ్జీవ శిక్ష విధించెను. 2005లో ఒరిస్సా హైకోర్టు మరణశిక్షను యావజ్జీవముగా మార్చి, దారాసింగునకు మహేంద్ర హేంబ్రం అనువానికి తప్ప మిగిలిన 11 మందికి విడుదల ఇచ్చెను. 2011లో సుప్రీంకోర్టు దానినే స్థిరపరచెను. 2025 ఏప్రిలులో మహేంద్ర హేంబ్రం సత్ప్రవర్తన కారణముగా చెర విడిచి బయటికి వచ్చెను. ఈ లెక్కలలో మన మనస్సునకు నచ్చనివి ఉండవచ్చును. ఎవరికైనను ఉండును. అయినను ఆ నడకలో ఎక్కడను గుంపు లేదు, నిప్పు లేదు. వ్రాతలు, సాక్షులు, వాదములు ఉన్నవి.

పౌలు గారి సంగతి మరచితిమా? ఫిలిప్పీలో విచారణ లేకుండ కొట్టించి, తరువాత రహస్యముగా పంపివేయ జూచినప్పుడు ఆయన కదలనన్నాడు. అధికారులు తామే వచ్చి వెలుపలికి తీసికొని పోవలెనన్నాడు. యెరూషలేములో కొరడాలకు కట్టినప్పుడు తన రోమా పౌరత్వమును జ్ఞాపకము చేసెను. ఫేస్తు ఎదుట కైసరునకు చెప్పుకొందునని అనెను. క్షమింపనేరని వాడు గనుక ఇట్లు చేసెనని ఎవరైన చెప్పగలరా?

గనుక మీ ప్రార్థన మందిరముపై రాళ్లు పడినయెడల, మీ కాపరిని ఎవరైన కొట్టినయెడల, ఠాణాకు పోయి వ్రాతమూలకముగా ఫిర్యాదు ఇయ్యుడి. నమోదు చేసిన దాని ప్రతిని మీకు ఉచితముగా ఇయ్యవలెనని చట్టమున్నది. ఠాణాలో తీసికొననియెడల జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తపాలాలో పంపవచ్చును. అయితే ఇక్కడ ఒక ఉరి యున్నది, మన పల్లెలలో మంచివారు కూడ దానిలో చిక్కుకొందురు. రాత్రి చీకటిలో రాయి విసరినవాడు ఒకడు. తెల్లవారి ఫిర్యాదు వ్రాయునప్పుడు, వీని పేరు కూడ వేయుము, వాని అన్న పేరు కూడ వేయుము అని చుట్టును చేరినవారు చెప్పుదురు. వారిలో ఒకనితో గట్టు తగవు, మరియొకనితో పంచాయతీ ఎన్నికల వైరము ఉండును. చూచినవాని పేరే వ్రాయుడి. చూడనియెడల గుర్తుతెలియనివారని వ్రాయుడి. అబద్ధ సాక్ష్యము పలుకవద్దను ఆజ్ఞకు మందిరముపై రాయి పడిన దినమున సెలవు లేదు. లెక్కకు ఒక పేరు అధికముగా వేసినందున ఒక నిరపరాధి చెరకు పోయినయెడల, వాని ఇంటి పిల్లవాడు మన మందిరమును ఏ కన్నుతో చూచుచు పెరుగును?

నేరము చేసినవాని చుట్టు గీత చిన్నదిగా గీయుట తీవ్రవాదమునకు మొదటి జవాబు అని నాకు తోచుచున్నది. తీవ్రవాది పని గీతను పెద్దది చేయుట. ఎవడో ఒక విదేశీయుని గూర్చి వాడు ఏదో వినును. ఆ కోపమును ఆరేండ్ల పిల్లవానివరకు సాగదీయును. మనము అదే పనిని తిరుగవేసి చేసిన క్షణమున వానికి శిష్యులమైతిమి. మనోహర్‌పూర్‌లో నిప్పు పెట్టినది ఒక గుంపు. దేశములో కోట్లాది హిందువులు పెట్టలేదు. ఆ నేరమును నాటి రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు అతి కఠినమైన మాటలతో ఖండించిరి. నేరస్థులను పట్టుకొన్నది, వారిమీద వాదించినది, శిక్ష విధించినది ఈ దేశపు వ్యవస్థయే. దానిలో పనిచేసినవారిలో మన విశ్వాసమునకు చెందినవారెందరు? బరిపదలో సమాధి కార్యక్రమమునకు వచ్చి ఏడ్చినవారు క్రైస్తవులు మాత్రమే కారు. మన తెలుగునాట డిచ్‌పల్లిని చూడుడి. ఇసబెల్ కెర్ దొరసాని అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రిని కట్ట తలపెట్టినప్పుడు ధనమిచ్చి ఆదుకొన్నవాడు నర్సాగౌడ్ అను హిందువు. ఈ సంగతులు కూడ కథలో భాగమే. వీటిని విడిచి చెప్పిన కథ సత్యములో సగమే.

విడిచినవాటిలో నాకు మిక్కిలి బాధ కలిగించునది మరియొకటి యున్నది. మనోహర్‌పూర్ జరిగిన అదే సంవత్సరము, 1999 ఆగస్టులో, మయూర్‌భంజ్ జిల్లాలో షేక్ రహమాన్ అను మహమ్మదీయ వ్యాపారిని ఘోరముగా చంపిరి. మరుసటి నెలలో అరుళ్ దాస్ అను కతోలిక గురువును చంపిరి. ఆ రెండు హత్యలలోను అభియోగము దారాసింగు మీదనే మోపబడినది. చదువరులారా, మీరు విన్న ప్రసంగములలో షేక్ రహమాన్ పేరు ఎన్నిసార్లు వింటిరి? మన శాఖవాడు కానందున ఫాదరు గారి పేరు కూడ అనేక మందిరములలో వినబడదు. మనకు గాయమైనప్పుడు మనము తీవ్రవాదమని పిలుచుదుము. పొరుగువానికి గాయమైనప్పుడు దానిని పత్రికలో వచ్చిన వార్త అని పిలుచుదుము. దొంగలచేత చిక్కి త్రోవ ప్రక్కను పడియున్నవాని ఉపమానమును ఏడాదికి నాలుగుసార్లు బోధించు మనము, రహమాన్ గారిని చూచి ప్రక్కగా పోయిన లేవీయులమైతిమి. రాబోవు జనవరిలో ఎవరైన ఈ కథ చెప్పినయెడల ఆయన పేరు కూడ చెప్పవలెనని నా మనవి.

సెల్‌ఫోనులో వచ్చు చిత్రముల మాట కూడ చెప్పి ముందుకు పోయెదను. కాలుచున్న మందిరము, రక్తపు ముఖము, ఏడ్చు స్త్రీలు. క్రింద, ప్రార్థించుడి, పదిమందికి పంపుడి అని వ్రాసియుండును. వాటిలో కొన్ని మరియొక దేశమునకు, మరియొక సంవత్సరమునకు, ఒక్కొక్కప్పుడు మరియొక మతమువారికి సంబంధించినవి. ఎక్కడ, ఎప్పుడు అని వ్రాసిలేనిదానిని పంపవద్దు. ప్రార్థన కొరకైనను వద్దు. దేవునికి ఆ చిత్రము అక్కరలేదు.

ఇక మన నోటి సంగతి. ఇది చెప్పుటకు కొంచెము జంకుచున్నాను, ఎందుకనగా దీనిని వక్రముగా పట్టుకొని, మీవారే రెచ్చగొట్టిరి అని హంతకునికి సాకు చేయువారున్నారు. ఏ మాటయు, ఎంత చేదుదైనను, హత్యకు సాకు కాదు, ముందే చెప్పితిని. అయినను ఎఫెసు పట్టణపు కథ మన బైబిలులో ఉన్నది గదా. అర్తెమి దేవి పేర నాటకశాల నిండ జనులు కేకలు వేసిరి. అప్పుడు ఆ పట్టణపు కరణము లేచి జనులను సముదాయించెను. కరణము క్రైస్తవుడు కాడు. ఆయన ఇచ్చిన సాక్ష్యము ఏమి? ఈ మనుష్యులు గుడిని దోచినవారు కారు, మన దేవతను దూషించినవారు కారు, ఎవనికైన వ్యాజ్యెమున్నయెడల న్యాయసభలున్నవి అని ఆయన చెప్పెను. పౌలు ఆ పట్టణములో రెండేండ్లకు పైగా బోధించెను. విగ్రహములు దేవతలు కావని బోధించెనని శత్రువులే చెప్పిరి. అంత బోధించియు, అవమానపరచినవాడను పేరు రాలేదు! మన పండుగ కూటములలో నాలుగు దిక్కులకు నాలుగు మైకులు పెట్టి, ప్రక్క వీధిలో నిద్రపోవు ముసలమ్మ మ్రొక్కుకొను దేవతను పరిహసించు ప్రసంగీకునికి, అవసరము వచ్చిన దినమున ఏ కరణము లేచి అట్టి సాక్ష్యమిచ్చును? క్రీస్తును హెచ్చించుటకు అంత సమయము చాలకపోగా మిగిలిన సమయమును పొరుగువాని దేవతలకు ఎందుకు ఖర్చుచేయవలెనో నాకు అర్థము కాదు. మన సంఘ పెద్దలు ప్రసంగీకుని పిలుచునప్పుడు పాటకుల సంఖ్యను, కానుక మొత్తమును మాటలాడుకొందురు. ఈ సంగతిని కూడ ముందుగానే మాటలాడుకొనవచ్చును.

అగ్నిని గూర్చి ఆరంభించితిని గనుక లూకా సువార్త 9వ అధ్యాయము తెరచి చూడుడి. ప్రభువు యెరూషలేమునకు పోవుచు ఒక సమరయ గ్రామములో బస అడిగించెను. వారు చేర్చుకొనలేదు. మతద్వేషమే కారణము. అప్పుడు ఆకాశమునుండి అగ్నిని దింపి ఆ ఊరిని కాల్చవచ్చునా అని అడిగినవారు ఎవరు? పరిసయ్యులు కారు, రోమీయులు కారు. ప్రభువునకు మిక్కిలి దగ్గరివారైన యాకోబు, యోహానులు. వారికి వాక్యాధారము కూడ ఉన్నది, ఏలీయా అగ్నిని దింపెను గదా. తమ గురువునకు జరిగిన అవమానమును చూచి వారు మండిపడిరి. వారి ఉద్దేశములో అది భక్తియే. ప్రభువు వెనుకకు తిరిగి గద్దించెను. ఊరివారిని గద్దించెనని వ్రాయబడలేదు. శిష్యులను గద్దించెనని వ్రాయబడినది. తరువాత వారు మరియొక గ్రామమునకు వెళ్లిరి. అంతే. రాత్రి అయినది, ఎక్కడనో పండుకొనవలెను గదా.

ఈ ఘట్టముమీద ప్రసంగములు విన్నాము. కాని దీనిని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయముతో జతచేసి చెప్పినవారిని నేను అరుదుగా చూచితిని. స్తెఫను మరణము తరువాత హింస చెలరేగి విశ్వాసులు చెదరిపోగా, ఫిలిప్పు సమరయకు పోయి సువార్త ప్రకటించెను. సమరయులు నమ్మిరని యెరూషలేములో విని, అపొస్తలులు ఇద్దరిని అక్కడికి పంపిరి. ఒకడు పేతురు, రెండవవాడు యోహాను. అగ్ని కావలెనని అడిగిన ఆ యోహానే. ఆ నోటితోనే ఇప్పుడు ఆ జనుల కొరకు ప్రార్థించెను. వారి తలలమీద చేతులుంచెను. తిరిగి వచ్చుచు దారిలో ఇద్దరును సమరయుల గ్రామములు అనేకములలో సువార్త చెప్పిరని లూకా వ్రాసెను. ఆ గ్రామముల పేర్లు వ్రాయలేదు. ఆ రాత్రి బస ఇయ్యని ఊరు వాటిలో ఒకటియో కాదో యోహానుకు తెలిసియుండును.